కరెంటు పోతే బేస్ గిటార్ మోగదు తల్లీ

ప్రశ్న: అక్కా, నేను గాజువాక నుంచి రాస్తన్నాను. వయసు 26, ఒక ప్రైవేట్ కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. నలుగురు అమ్మాయిల రాక్ బ్యాండ్ మీద ఒక లవ్ నవల మొదలెట్టాను, 11 చాప్టర్లు అయ్యాయి. హీరోయిన్ బేస్ గిటార్ వాయిస్తది. హీరో హైదరాబాద్‌లో మ్యూజిక్ ప్రొడ్యూసర్, బాగా డబ్బున్నోడు, బీచ్ రోడ్ స్టేజి మీద తనని చూసి పడిపోతాడు. చదివిన ఫ్రెండ్స్‌లో ఒకమ్మాయి మ్యూజిక్ వచ్చిన చోటల్లా స్కిప్ చేశానంది. ఒకబ్బాయి వైజాగ్‌లో ఆడపిల్లల రాక్ బ్యాండ్ ఏటి, ఎవడు నమ్ముతాడు అన్నాడు. ఇంకో అమ్మాయి మాత్రం డ్రమ్మర్ పిల్ల ఉన్న పేజీలు రెండుసార్లు చదివానంది. నిజం చెప్పాలంటే నాకూ హీరోతో సీన్ అంటే బద్ధకం, డ్రమ్మర్ పిల్లతో సీన్ అయితే రాత్రి రెండైనా తెలీదు. అది తల్చుకుంటే భయమేస్తంది. క్లైమాక్స్‌లో పెళ్లయ్యాక హీరోయిన్ బ్యాండ్ మానేసి ఇంట్లో పిల్లలకి పాటలు నేర్పుతాదని పెట్టుకున్నాను, ఓకేనా? 11 చాప్టర్లూ పంపుతున్నాను, ముఖ్యంగా నాలుగోది చూడక్కా, తిట్టినా పర్లేదు.

జవాబు: తిట్టినా పర్లేదన్నావు కాబట్టి అదే ముందు కానిచ్చేస్తాను.

నీ నాలుగో చాప్టర్‌లో ఆర్కే బీచ్ దగ్గర ప్రోగ్రాం, పాట మధ్యలో కరెంటు పోయింది, జనం హాహాకారాలు, అప్పుడు నీ హీరోయిన్ కళ్లు మూసుకుని బేస్ గిటార్ వాయిస్తే ఆ నాదం బీచ్ అంతా పరుచుకుంది, సముద్రం కూడా ఆగి వింది అని రాశావు. సముద్రం సంగతి వదిలెయ్, అది కవిత్వం. కానీ కరెంటు పోయాక బేస్ ఎలా మోగింది తల్లీ? దాని ఒళ్లు గట్టి చెక్క, వీణకున్నట్టు బుర్ర ఉండదు. తీగ కింద అయస్కాంతం, దాని చుట్టూ సన్నని వైరు చుట్ట ఉంటాయి, తీగ ఊగితే ఆ వైరులో చీమంత కరెంటు పుడతది, దాన్ని యాంప్ పెద్దది చేస్తేనే మనకి వినపడతది. యాంప్ చచ్చిపోతే బేస్ తీగ కూడా బీరువా తలుపుకి కట్టిన తీగలాగ టుంగు టుంగుమంటది అంతే, పక్కనున్న మనిషికి వినపడితే గొప్ప, అదీ బీచ్‌లో, అలల హోరులో.

మరి కరెంటు పోయినా స్టేజి మీద మోగేది ఏంటో ఆలోచించావా? డ్రమ్స్. కీబోర్డు పోతది, గిటార్ పోతది, మైకు పోతది, డ్రమ్స్‌కి మాత్రం కరెంటుతో పన్లేదు.

అంటే ఆ చీకట్లో వాయిస్తున్నది నీ డ్రమ్మర్ పిల్ల ఒక్కతే. చూశావా, నువ్వు తప్పు రాసిన చోటే నీ నవల కూర్చునుంది. ఒకసారి ఆ సీన్ ఇలా ఊహించు. కరెంటు పోయింది. పాడే పిల్ల నోరు కదుల్తోంది, గొంతు మొదటి వరస దాటట్లేదు. గిటార్ పిల్ల ఆపేసింది. డ్రమ్మర్ ఆపలేదు. ఆమె ఆపలేదని జనానికి ఒక నాలుగు కొట్లు అయ్యాక గాని తెలీలేదు, తెలిశాక చప్పట్లు ఆమె కాలితో కలిసిపోయాయి. మీ హీరోయిన్‌కి చేతిలో గిటార్ ఉంది, ప్రాణం లేదు దానికి. చేసేదేమీ లేక డ్రమ్స్ పక్కకి నడిచి ఆ కుడికాలు వైపే చూస్తా నిలబడింది. ఇక్కడ నీకొక పనికొచ్చే విషయం చెప్తాను, బేస్ వాయించేవాళ్లకి స్టేజి మీద అన్నిటికన్నా ముఖ్యం డ్రమ్మర్ కుడికాలు, అంటే బేస్ డ్రమ్ పెడల్ మీద ఉన్న కాలు, కిక్ అంటారు. కిక్ పడిన క్షణానికే బేస్ తీగ మోగాలి, రెండూ ఒకే మనిషి కొట్టినట్టు ఉండాలి, వెంట్రుకవాసి అటూఇటూ అయినా పాట కుంటుతది. అందుకని వాళ్లు ఏళ్ల తరబడి ఆ కాలే చూస్తారు. నీ హీరోయిన్ ఆ కాలు రెండేళ్లుగా చూస్తోంది, కానీ వాయించాల్సిన పని లేకుండా చూడ్డం ఇదే మొదటిసారి. సరిగ్గా అప్పుడు డ్రమ్మర్ తలెత్తి గడ్డంతో యాంప్ వైపు చూపించింది, వాల్యూమ్ తగ్గించుకోమని. ఎందుకంటే జనరేటర్ అందుకోగానే ఫుల్ వాల్యూమ్‌లో ఉన్న యాంప్ ధబ్‌మని పేల్తది, స్పీకర్లు పోతాయి. నీ హీరోయిన్‌కి ఆ సంగతి గుర్తే లేదు. ఆ పిల్లకి గుర్తుంది, రెండు చేతులూ రెండు కాళ్లూ పనిలో ఉండగా కూడా.

లవ్ సీన్ అంటే ఇది కదా? ఇంక కళ్లల్లో కళ్లు పెట్టి, గాలికి జుట్టు ఎగరడం ఎందుకు?

సరే, మీ ఫ్రెండ్ మ్యూజిక్ ఉన్న చోటల్లా ఎందుకు స్కిప్ చేసిందో చెప్తాను. ఆ చోట్లలో నువ్వు మ్యూజిక్ రాయలేదు, మ్యూజిక్‌కి బిరుదులు ఇచ్చావు. గంధర్వనాదం, అమృతధార, గుండెల్ని మీటే స్వరం... పాఠకుడికి అక్కడ చూడ్డానికి ఏమీ లేదు, దాటుకుపోతాడు మరి. పని రాయి. సౌండ్ చెక్ రాయి, అంటే ప్రోగ్రాంకి ముందు ఒక్కో వాయిద్యం సౌండు సరిచూసుకోవడం, అది మామూలుగా కిక్‌తోనే మొదలవుద్ది, ఒక్క కిక్ డ్రమ్మే పది నిమిషాలు దబ్ దబ్ కొట్టిస్తారు, తర్వాత మిగతా డ్రమ్స్, తర్వాత బేస్, గిటార్, చివర్న గొంతులు. అంటే ఎండలో ముందొచ్చి కూర్చునేది మళ్లీ నీ డ్రమ్మరూ హీరోయినూ ఇద్దరే! మన ఊరి ఉప్పు గాలి రాయి, వాయించాక తీగలు గుడ్డతో తుడవకపోతే నెల తిరక్కుండా తుప్పు మచ్చలు వచ్చేస్తాయి, వేళ్లకి గరగర తగుల్తది. మామూలు గిటార్ సన్నతీగ 0.009 అంగుళం ఉంటే బేస్ లావుతీగ 0.105 ఉంటది, పది రెట్లకి పైనే, దానిమీద కొత్తలో వేళ్లు బొబ్బలెక్కిపోతాయి, నువ్వు మాత్రం 11 చాప్టర్లలో హీరోయిన్ వేళ్లు తామరతూళ్లు అని ఆరుసార్లు రాశావు. అకౌంట్స్ పిల్లవి, లెక్కపెట్టి చూసుకో.

షాక్ రాయి. మా అన్నయ్య ఆర్కెస్ట్రాలో ప్యాడ్స్, అంటే కరెంటు డ్రమ్స్, వాయించేవాడు, చవితి పందిళ్లు, పెళ్లిళ్లు, మేం డాబాగార్డెన్స్‌లో ఉండేవాళ్లం, నేను గౌన్లేసుకునే వయసునుంచీ వాడి వైర్లు చుట్టిపెట్టేదాన్ని. ఒక పందిట్లో ఎర్తింగ్ సరిగ్గా లేదు, ఎవరి పందిరో ఇప్పుడెందుకులే, గిటారబ్బాయి కోరస్ పాడదామని తీగల మీద చెయ్యి ఉంచే మైకు దగ్గరకి మూతి పెట్టాడు, టప్‌మని పెదవి మీద కొట్టింది. వాడు అబ్బా అన్నది కూడా మైకులో వినపడి జనం నవ్వారు. ఆ తర్వాత ప్రోగ్రాం అంతా మైకుకి చేతిరుమాలు చుట్టుకుని పాడాడు. రెండు యాంప్‌ల ఎర్త్ వేర్వేరుగా ఉంటే అలాగే అవుద్ది, గిటార్ ఒకదాంట్లో, మైకు ఇంకోదాంట్లో, మధ్యలో మన ఒళ్లు తీగ. నీ హీరోయిన్‌కి ఇది ఒక్కసారైనా జరగాలి. చేతిరుమాలు ఎవరిదో నేను చెప్పక్కర్లేదనుకుంటాను.

అప్పట్లో నేను గమనించినదొకటి. ఆ ఆర్కెస్ట్రాల్లో ఆడగొంతు లేకపోతే ప్రోగ్రాం బుక్కయ్యేదే కాదు, పట్టుచీర కట్టుకుని పాడే అక్కలు ఇద్దరు తప్పనిసరి. కానీ వైరు పట్టుకున్న ఆడమనిషి ఒక్కరు ఉండేవారు కాదు, గొంతు మనది, చేతులు వాళ్లవి. నేను పన్నెండేళ్లు వైర్లు చుట్టాను గాని ప్యాడ్స్ మీద ఒక్క దెబ్బ కొట్టనిచ్చాడా మా అన్నయ్య? ఇప్పుడు అడిగితే నువ్వు అడగలేదుగా అంటాడు, సచ్చినోడు. నీ నవల్లో నలుగురు అమ్మాయిలు చేతులతో వాయిస్తున్నారు అన్నదే పెద్ద సంగతి, దాన్ని నువ్వు చీరల రంగులాగ పక్కన పెట్టేశావు.

వైజాగ్‌లో ఎవడు నమ్ముతాడు అన్న కుర్రాడికి వద్దాం. ఎక్కడ నేర్చుకున్నారో చెప్తే నమ్ముతాడు. నువ్వు డ్రమ్మర్ పిల్లది మల్కాపురం అని మాత్రం రాసి వదిలేశావు. మల్కాపురం, గాజువాక, పాత ఊరు, ఎక్కడైనా ఆదివారం పొద్దున్న చర్చి ముందు నుంచి నడువు, లోపల డ్రమ్స్, కీబోర్డు, బేస్ అన్నీ వినపడతాయి, ఎంతమంది పిల్లలు కొట్టడం అక్కడే నేర్చుకుంటారో నీకూ తెలుసు. మీ డ్రమ్మర్‌కి పాస్టర్ గారి కిట్ మీద చేయి తిరిగిందని ఒక్క పేజీ రాస్తే చాలు. గిటార్ పిల్లని నేవీ క్వార్టర్స్‌లో పెట్టు, వాళ్ల నాన్నకి ట్రాన్స్‌ఫర్ భయం ఎప్పుడూ ఉంటది, బ్యాండ్ మెడ మీద కత్తి దొరికిందిగా. పాడే పిల్ల స్టీల్‌ప్లాంట్ టౌన్‌షిప్. ఈ ఊరికి ఎక్కడెక్కడి మనుషులో ఉద్యోగాలకి వచ్చారు, వాళ్ల ఇళ్లల్లో ఏ పాటలు మోగేవో రాయి.

గిటార్ మనది కాదు అని కూడా వాడు అనే ఉంటాడు. ఫిడేలు మాత్రం మనదా? తెల్లవాళ్లతో వచ్చిన వాయిద్యమే. 1919లో విజయనగరం సంగీత కళాశాల పెట్టిన ఏడే ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అందులో వయొలిన్ ఆచార్యులుగా చేరారు, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు, ఇప్పుడు ఫిడేలు పరాయిదని మన వైపు అని చూడమను.

ఇంక ఆడవాళ్ల రాక్ బ్యాండ్ అనేది నువ్వు కనిపెట్టిన వింత కాదు, దాని వెనక పెద్ద కథే ఉంది, చదువుకుంటే నీకు ప్లాట్లకి కరువుండదు. ఫిలిప్పీన్స్‌లో పుట్టి అమెరికా వెళ్లిన అక్కచెల్లెళ్లు జూన్ మిల్లింగ్‌టన్, జీన్ మిల్లింగ్‌టన్, అక్క గిటార్ చెల్లి బేస్, ఫ్యానీ అని బ్యాండ్ పెట్టి 1970లోనే పెద్ద కంపెనీ నుంచి ఆల్బం తెచ్చారు. 1975లో రనవేస్ అనే అమ్మాయిల బ్యాండ్ మొదలైనప్పుడు వాళ్లు టీనేజీ పిల్లలు. 1982లో గో-గోస్ ఆల్బం అమెరికా బిల్‌బోర్డ్ లిస్టులో నంబర్ వన్ కెక్కింది, పాటలు తామే రాసుకుని వాయిద్యాలు తామే వాయించుకునే ఆడవాళ్ల బ్యాండ్ అక్కడికి చేరడం అదే మొదటిసారి. మన దేశంలో చూడు, శ్రీనగర్‌లో ముగ్గురు స్కూలు పిల్లలు ప్రగాశ్ అని బ్యాండ్ పెట్టి 2012 డిసెంబర్‌లో పోటీలో ప్రైజు కొట్టారు, 2013 ఫిబ్రవరికల్లా ఆన్‌లైన్ బెదిరింపులు, పైన మతపెద్ద ఫత్వా, మూసేశారు. ప్రైజు వచ్చి నిండా మూడు నెలలు కూడా కాలేదు. నీ కథలో అడ్డంకి అంటే హీరో వాళ్లమ్మ ఒక్కత్తే, అదీ పట్టుచీర మెలితిప్పుకుంటా. వేరే అడ్డంకులు చూసుకో అమ్మా.

చిన్న అడ్డంకి కూడా సరిపోతది తెలుసా. నీ పిల్లలు రూమ్ గోడలకి గుడ్ల ట్రేలు అంటించారు, పక్కింటి అంకుల్ గొడవ తీరిపోయింది అని రాశావు. తీరదు. గుడ్ల ట్రేలతో లోపల ఎకో కాస్త తగ్గుతదేమో గాని పక్కింటికి సౌండు పోవడం ఆగదు. కాబట్టి ఆ అంకుల్ రావాలి, రోజూ తొమ్మిదీ యాభై అయిదుకి లుంగీ మీద వచ్చి గేటు దగ్గర నిలబడాలి, ఎందుకంటే 2000లో వచ్చిన నాయిస్ రూల్స్ ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు అని ఆయనకి బాగా తెలుసు. ఆయన రాని రోజు ఒకటి పెట్టు. అప్పుడు వీళ్లే ఆపేసి గేటు వైపు చూస్తారు.

ఇప్పుడు నీ హీరో. పాపం మంచివాడే. కానీ 11 చాప్టర్లలో అతను చేసిన పని ఏంటి? చూడ్డం. స్టేజి కింద నుంచి చూశాడు, కారులోంచి చూశాడు, కైలాసగిరి మీద చూశాడు. మా చిన్నప్పటి వారపత్రిక సీరియల్స్‌లో హీరోలు ఇలాగే ఉండేవారు, పొడుగ్గా, కారుతో, కాస్త అహంకారంతో, మేం వాటిని బస్టాపులో నించునే నమిలేసేవాళ్లం, నేనేం తక్కువ చెయ్యట్లేదు. కానీ ఆ నవలల్లో అమ్మాయికి కూడా చూడబడ్డం తప్ప పని ఉండేది కాదు గనక సరిపోయింది. నీ అమ్మాయికి పనుంది. పని ఉన్న మనిషి పక్కన ఊరికే చూస్తా నిలబడ్డవాడు ఎంత అందగాడైనా అడ్డమే. అతన్ని పూర్తిగా తీసెయ్యమనను, ప్రొడ్యూసరే కదా, హీరోయిన్‌కి ఒక్కదానికే హైదరాబాద్‌లో ఛాన్స్ ఇవ్వమను, బ్యాండ్ వద్దు నువ్వొక్కదానివే రా అని. నీకొక నిజమైన పేచీ దొరుకుద్ది.

సరే, అసలు నువ్వు భయపడుతున్న సంగతి. నీ చాప్టర్ చివర్లో ఒక చిన్న పేరా ఉంది. డ్రమ్స్ సామాను మోయడానికి వ్యాను దొరక్క ఇద్దరూ ఆటోలో వస్తారు, మధ్యలో బేస్ డ్రమ్, సింధియా దగ్గర గతుకు వచ్చినప్పుడల్లా డ్రమ్ దానంతటదే సన్నగా బూమ్మంటది, ఇద్దరూ చెరోవైపు అరచేయి పెట్టి ఆపుతారు. ఒక్క విశేషణం లేదు ఆ పేరాలో. నేను అక్కడ ఆగిపోయాను, టీ చల్లారిపోయింది. 22 అంగుళాల డ్రమ్ము, ఈ చర్మం మీద ఒకామె చెయ్యి, ఆ చర్మం మీద ఇంకొకామె చెయ్యి. ఇంత రాసిపెట్టి హీరోయిన్ ఎవర్ని ప్రేమిస్తోందో తెలీనట్టు మాట్లాడతావేంటి? నీకు తెలుసు, రెండుసార్లు చదివిన నీ ఫ్రెండ్‌కీ తెలుసు.

ఇది నీ గురించా, నీ కథ గురించా అని నేను అడగను. అది నీ ఇష్టం, చెప్పాలనిపిస్తే చెప్పు, లేకపోతే లేదు. నవల వరకు చెప్తాను. ఇద్దరు అమ్మాయిల ప్రేమ రాయడం నేరమేం కాదు, అలా ఉండడమూ నేరం కాదు, 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చేసింది. పెళ్లికి మాత్రం చట్టంలో దారి లేదు, 2023 అక్టోబర్‌లో అదే కోర్టు అది మా చేతిలో లేదు, పార్లమెంటు చూసుకోవాలి అంది. రాసేవాళ్లకి దీనర్థం ఏంటంటే, నీకు శుభం కార్డు రెడీమేడ్‌గా దొరకదు. తాళి కట్టించేసి అందర్నీ ఫోటోకి నిలబెట్టేసి తప్పించుకోలేవు. నీ ఇద్దరూ మల్కాపురంలో ఏ మేడ మీద రూములో ఉంటారు, ఓనరుకి ఏం చెప్తారు, చర్చిలో డ్రమ్స్ ఎవరు కొడతారు ఇక నుంచి, ఇవన్నీ రాయాలి. కష్టమే, కానీ ఆ కష్టం కోసమే చదువుతాం. విడిపోతారని రాస్తావో, విడిపోయి కూడా బ్యాండ్‌లో ఉంటారని రాస్తావో. ఉంటారా అనకు. ఫ్లీట్‌వుడ్ మ్యాక్ బ్యాండ్‌లో 1976లో రెండు జంటలు విడిపోతా కూడా ఒకే స్టూడియోలో కూర్చుని ఆల్బం రికార్డ్ చేశాయి, కీబోర్డు క్రిస్టీన్ తన కొత్త ప్రేమ మీద రాసిన పాటకి బేస్ వాయించింది విడిపోయిన మొగుడు జాన్. ఆ సీన్ ఎవరైనా ఊహించి రాస్తే అతి అంటాం.

బయటపెట్టడానికి ధైర్యం చాలకపోతే ఇప్పుడే పెట్టకు. ముందు రాయి. పేరు మార్చి వేసుకున్న ఆడ రచయితలూ మగ రచయితలూ మనకి బోలెడుమంది.

పెళ్లయ్యాక బ్యాండ్ మానేసి ఇంట్లో పాటలు నేర్పడం ఓకేనా అన్నావు. మా మేనత్త వీణ వాయించేది. ఎడమచేతి చూపుడువేలు, మధ్యవేలు కొసల మీద నల్లటి గీతలుండేవి, తీగ కోసిన గాట్లు, కొబ్బరినూనె రాసుకునేది, నన్ను ముట్టుకుని చూడనిచ్చేది, గోరంత గట్టిగా ఉండేవి. ఆమెకి పెళ్లయి వెళ్లిన రెండేళ్లకి పండక్కి వచ్చింది, అన్నం కలిపి నాకు ముద్దలు పెడుతోంటే ఎడమచెయ్యి ఒళ్లో ఉంది, నేను తీసి చూశాను. గీతలు లేవు. వేళ్లు చక్కగా మెత్తగా అయిపోయాయి. ఎవరూ మానేయమని అనలేదట, తీరిక లేదు అంతే. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. నేను ఆ రోజు ఏమీ అడగలేదు, తొమ్మిదేళ్లు నాకు. నీ హీరోయిన్ మానేస్తే మానేయనీ, నవల నీది, కానీ దాన్ని సుఖాంతం అని పిలవకు, ఆ వేళ్లు పాఠకులకి చూపించి అప్పుడు మాట్లాడు.

ఇంకో రెండు చిన్నవి. నీ ఉత్తరంలో ఏటి, ఎవడు అని చక్కగా రాశావు, నవల్లో మాత్రం అందరూ ఎందుకో సినిమా డబ్బింగ్‌లా మాట్లాడుతున్నారు. మల్కాపురం పిల్ల స్టిక్స్ పడిపోతే "అయ్యో, నా కర్రలు జారినవి" అనదు. ఏమంటాదో నీకు నేను నేర్పాలా? రెండోది, బీచ్‌లో ఇద్దరూ పిజ్జా తిన్నారని ఉంది. ప్రాక్టీసు అయ్యి చేతులు వణుకుతా, జేబులో నలభై రూపాయలుంటే, అది ఒక పొట్లం మురీ మిక్స్చర్ అవుద్ది, ఇద్దరికీ ఒకటే, నిమ్మకాయ ఎక్కువ పిండించుకుని. బొబ్బలు పగిలిన వేలికి ఆ నిమ్మరసం తగిలితే ఎలా ఉంటదో కూడా రాయి.

నాలుగో చాప్టర్ తిరగరాసి పంపు. కరెంటు పోవడం దగ్గర్నుంచి జనరేటర్ వచ్చేదాకా చాలు, మిగతాది నాకొద్దు.